రాణిగారి గౌను

గౌరీశంకర్ ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో భోజనాల బల్ల కనిపించలేదు. దాని నిండా ముదురెరుపు వెల్వెట్టు గుట్టగా పడి ఉంది. అంచులు కార్పెట్ దాకా జారాయి. ఆ గుట్టకి అవతల బిందుమాధవి మోకాళ్ళ మీద కూర్చుని, పెదాల మధ్య గుండుసూదులు బిగించుకుని, ఓ మడతని వేలితో నొక్కి చూస్తోంది. తలుపు చప్పుడికి తలెత్తలేదు.

"ఏంటిదంతా?" అన్నాడు.

ఆమె సూదులు ఒక్కొక్కటే తీసి అరచేతిలో వేసుకుంది. "నోరీన్‌ది. రాణిగారి గౌను."

నోరీన్ ఎదురు అపార్ట్‌మెంట్ ఆవిడ. యాభై దాటింది. అమెరికాలో వాళ్ళుండే హెర్న్‌డన్‌లో, పాత బజారు వైపు ఓల్డ్ గ్రిఫిన్ అని ఓ పబ్ ఉంది. నాలుగైదు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లండు సత్రంలా అలంకరించిన హోటలది. వడ్డించేవాళ్ళు ఆ కాలపు బట్టలు తొడుక్కుని ఆ కాలపు ఇంగ్లీషు మాట్లాడతారు. శనాదివారాలు నోరీన్ అక్కడ రాణి వేషం కట్టి, బల్లబల్లకీ తిరిగి అతిథుల్ని పలకరిస్తుంది. పోయిన వారం లాండ్రీ రూములో చిరిగిన గౌను పట్టుకుని ఏడుపు మొహంతో నిలబడితే, బిందుమాధవి చూసి "ఇలా ఇవ్వండి" అంది.

"చిరుగు కుట్టి ఇచ్చేయక, ఇంత పరిచావేం?"

"చిరుగు కాదండీ, అసలు కటింగే తప్పు. చంక దగ్గర వదులే లేదు. చెయ్యెత్తితే వీపు పిగలాల్సిందే. అందుకని మొత్తం విప్పేశాను. చేతులు విడిగా కుట్టి, భుజం దగ్గర బొందులతో కడతాను. ఆ రోజుల్లో అలాగే కట్టేవారట. ఇదిగో, ఇలా."

తన చెయ్యి పైకెత్తి, భుజం చుట్టూ వేలితో గీత గీసి చూపించింది. గుంటూరులో మహిళా పాలిటెక్నిక్‌లో గార్మెంట్ టెక్నాలజీ చెప్పేటప్పుడు ఆడపిల్లలకి ఇలాగే చూపించేదేమో. అతనెప్పుడూ చూడలేదు.

"ఆకలేస్తోంది" అన్నాడు.

"అయ్యో, అయిదు నిమిషాలు. వంకాయ కూరుంది, అన్నం పెట్టేస్తా." లేచింది గానీ వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కొచ్చి, ఇంకో సూది గుచ్చి వెళ్ళింది.

సోఫాలో కూర్చుని కంచాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నారు. ఆ రోజు ఆఫీసులో మళ్ళీ ఇద్దర్ని పంపించేశారు. ఆ సంవత్సరం అందరి ఆఫీసుల్లోనూ అదే వరస. ఆ మాట చెబుదామనుకున్నాడు. ఆమె బల్ల వైపు చూస్తూ తింటోంది. ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళతో ఏదో కొలుస్తోంది. అతను పెరుగు కోసం లేచాడు.

శనివారం ఇద్దర్నీ పబ్‌కి భోజనానికి పిలిచారు. గౌను తొడుక్కుని నడిచే మొదటి రోజు మీరు చూసి తీరాలంది నోరీన్. బిందుమాధవి పెట్టె అడుగు నుంచి ఆకుపచ్చ వెంకటగిరి చీర తీసి కట్టుకుంది. అమెరికా వచ్చిన నాలుగేళ్ళలో ఆ చీర రెండో మూడో సార్లు బయటికొచ్చిందంతే.

లోపల చీకటిగా ఉంది. తలకి తగిలేంత కిందుగా నల్లటి దూలాలు. గోడల మీద డాళ్ళు, జింక కొమ్ములు. దీపాలు కొవ్వొత్తుల్లా రెపరెపలాడుతున్నాయి గానీ కరెంటువే. పొడవాటి బల్లలు, వీపు ఆనించుకోడానికి ఏమీలేని బెంచీలు. ఫోర్కులు ఇంకా కనిపెట్టలేదని, చేతులు కడుక్కుని కూర్చోవాలని గోడ మీద రాసుంది. తోలు జాకెట్టు తొడుక్కున్న కుర్రాడు వంగి దండం పెట్టి, "ఏం దయచేయమంటారు ప్రభూ?" అన్నాడు.

"శనివారం. నీచు తినం" అన్నాడు గౌరీశంకర్ తెలుగులో భార్యతో. ఆమె కుర్రాడికి చెప్పింది. చెక్క పళ్ళేల్లో పుట్టగొడుగుల పులుసు, జున్ను, గుండ్రటి రొట్టె వచ్చాయి. చుట్టూ జనం టర్కీ కాళ్ళు పట్టుకుని అవస్థ పడుతున్నారు. వేళ్ళ కొసలతో పట్టుకునేవాళ్ళు, గడ్డం మీదుగా కారితే నవ్వేవాళ్ళు. బిందుమాధవి రొట్టె తుంచి, పులుసులో అద్ది, వేళ్ళకి అంటకుండా నోట్లో పెట్టుకుంది. పక్క బల్ల దగ్గర ఓ పిల్ల ఆమెనే చూస్తూ తనూ అలాగే తుంచింది. బిందుమాధవి ఆ పిల్లకి బొటనవేలు ఎలా వాడాలో చూపించింది. ఆ పిల్ల తల్లిదండ్రులు కూడా నేర్చుకున్నారు. కాసేపటికి ఆ బల్లంతా ఆమెతో మాట్లాడుతోంది. గౌరీశంకర్ తన రొట్టె తను తిన్నాడు.

డప్పు మోగింది. మెట్ల మీద నోరీన్ కనిపించింది.

లాండ్రీ రూములో సబ్బు మరకల చొక్కాతో తిరిగే మనిషేనా అనిపించింది. ఎర్ర వెల్వెట్టు నడుము దగ్గర బిగిసి, కిందికి బరువుగా విచ్చుకుంది. భుజాల దగ్గర బొందుల మధ్య నుంచి తెల్లటి లోపలి గుడ్డ చిన్న చిన్న బుడగల్లా ఉబికింది. మెట్ల చివర ఆగి నోరీన్ రెండు చేతులూ ఆకాశానికెత్తింది. హాలంతా బల్లలు చరిచారు. బిందుమాధవి చరచలేదు. ఊపిరి బిగబట్టి నోరీన్ చంక దగ్గరి కుట్టు వంకే చూస్తోంది. చేతులు దిగాక ఊపిరి వదిలి, "ఆగింది" అంది తనలో తను.

అప్పుడొచ్చాడు రాజు. పేరు వాల్టర్. పబ్ నడిపేది అతనే. ఆరడుగుల పైన ఉంటాడు, రాగిరంగు గడ్డం. వాళ్ళ బల్ల దగ్గరికి వచ్చి, కిరీటం తీసి చంకలో పెట్టుకుని, ఓ మోకాలు నేలకానించాడు.

"ప్రజలారా! ఈ రాణిని రాణిగా నిలబెట్టిన చేతులు ఇవి. లేడీ బిందుమాధవి!"

అయిదక్షరాలూ పలికాడు. ధ ఒత్తు కాస్త జారింది గానీ మిగతాదంతా సరిగ్గానే ఉంది. నోరీన్ దగ్గర ముందే నేర్చుకుని ఉంటాడు. హాలంతా ఆ పేరు అరిచింది.

ఆఫీసులో గౌరీశంకర్‌ని గ్యారీ అంటారు. చేరిన కొత్తలో పూర్తి పేరు చెప్పబోతే మేనేజరు చెయ్యి అడ్డం పెట్టి, "గ్యారీ. ఓకేనా?" అన్నాడు. ఓకే అన్నాడతను. అప్పుడు బాధేం అనిపించలేదు. ఇప్పుడు, ఇంతమంది నోళ్ళలో భార్య పేరు విన్నాక, చేతిలోని రొట్టెముక్క పళ్ళెంలో పెట్టేశాడు.

జనం ఫొటోలకి మూగారు. ఎవరో కెమెరా తెచ్చి అతని చేతికిచ్చి, "కాస్త తీస్తారా?" అన్నారు. తీశాడు. ఇంకొకరు ఇచ్చారు. అదీ తీశాడు. చిన్న తెర మీద నోరీన్, వాల్టర్, మధ్యలో ఆకుపచ్చ చీర. వీణ లాంటి వాయిద్యం మెళ్ళో వేసుకున్న ఒకాయన పక్కకొచ్చి, "మరి మీరేం చేస్తారు?" అనడిగాడు. "సాఫ్ట్‌వేర్." "ఓ" అని ఆయన అటు తిరిగాడు.

బిందుమాధవి చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. తడుముకునే ఇంగ్లీషే, అయినా ఆగడం లేదు. మాట దొరక్కపోతే గాల్లో గీసి చూపిస్తోంది. ఉన్నట్టుండి వాల్టర్ చొక్కా చెయ్యి రెండు వేళ్ళతో పట్టుకుని తిరగేసి, లోపలి కుట్టు చూసి, "ఇదీ తప్పే" అంది. వాల్టర్ గడ్డం ఊగేలా నవ్వాడు.

ఆ రెండు వేళ్ళనే చూస్తూ నిలబడ్డాడు గౌరీశంకర్.

"మే నెలలో పెద్ద ఉత్సవం ఉంది. ఇంకో ఆరు గౌన్లు కావాలి. చేస్తారా?" అన్నాడు వాల్టర్.

ఏ చిన్న విషయానికైనా ముందు భర్త వైపు చూసే మనిషి. చూస్తుందని ఎదురుచూశాడు. ఆమె చూడలేదు.

"చేస్తాను" అంది.

కారులో ఆమె మాట్లాడుతూనే ఉంది. ఆరింటికీ ఒకే రంగు పెడితే బావుండదని, లైనింగుకి పలుచటి కాటన్ వాడాలని. సిగ్నల్ దగ్గర ఆగాక అతనన్నాడు: "నా మీద ఆధారపడ్డ హెచ్-ఫోర్ వీసాలో ఉన్నావు, పని చెయ్యకూడదు. గుర్తుందా?"

"డబ్బులు తీసుకోవట్లేదుగా?"

"భోజనం పెట్టారుగా. అదీ పేమెంటే అంటారు. రేపు గ్రీన్‌కార్డు దగ్గర అడిగితే ఏం చెప్తాం? ఇప్పుడసలే ఉద్యోగాలు ఊడుతున్నాయి."

ఇంటికొచ్చే దాకా రోడ్డు చూస్తూ కూర్చుంది. మెట్లెక్కేటప్పుడు మాత్రం అంది: "లాయర్ని అడగండి. కాదంటే మానేస్తాను."

సోమవారం కంపెనీ తరఫు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఫోన్ చేశాడు. కాదనిపించుకోవాలన్నట్టే అడిగాడు. లాయర్ అంతా విని, స్నేహితురాలి గౌను ఒకటి బాగుచేసి ఇస్తే అదో గొడవ కాదన్నాడు. వ్యాపారం చేసే హోటల్‌కి వరసపెట్టి ఆరు కుట్టడం మాత్రం వద్దు, డబ్బు తీసుకోకపోయినా వద్దు. గౌరీశంకర్ థాంక్స్ చెప్పి పెట్టేయబోతుంటే తనంతట తనే ఇంకో మాట అన్నాడు. "ఆవిడకి ఖాళీగా ఉండటం కష్టంగా ఉంటే స్కూళ్ళున్నాయి, లైబ్రరీలున్నాయి. అక్కడ అందరూ వలంటీర్లేగా. దానికి నాకేం అభ్యంతరం కనిపించదు."

ఇంటికి రాగానే ఆమె ఎదురొచ్చింది. "ఏమన్నాడు?"

"వద్దన్నాడు."

"మొత్తానికేనా?"

షూ లేసు విప్పడానికి వంగాడు. "మొత్తానికే."

కత్తిరించడానికి వాల్టర్ పంపిన బట్ట అప్పటికే తానులుగా గోడ పక్కన నిలబెట్టి ఉంది. "నేనే వెళ్ళి చెప్పొస్తాను" అందామె. "నీకెందుకు, నేను చెప్తాలే" అన్నాడు.

మంగళవారం లంచ్ టైములో తానులు కారులో వేసుకుని వెళ్ళాడు. పగటి వెలుతురులో ఓల్డ్ గ్రిఫిన్ గోదాములా ఉంది. బెంచీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి. పులిసిన బీరు వాసన, ఫినాయిల్ వాసన. వాల్టర్ వెలిసిన టీషర్టులో, ముక్కు మీదికి కళ్ళద్దాలు జారి, నేల తుడుస్తున్నాడు. గడ్డంలో సగం తెలుపే. శనివారం దీపాల్లో అది తెలియలేదు. ఈ మనిషి మీదా నేను రెండ్రోజులుగా ఉడికిపోతున్నది అనుకున్నాడు గౌరీశంకర్. కాస్త తేలికగా అనిపించింది. ఎందుకో ఆ తేలికదనం ఎక్కువసేపు నిలవలేదు.

చట్టం సంగతి చెప్పాడు. వాల్టర్ మాప్ గోడకి ఆనించి, చేతులు టీషర్టుకి తుడుచుకున్నాడు.

"క్షమించండి. నాకా సంగతి తెలీదు. ఆవిడకి ఇబ్బంది తెచ్చే పని నేనెందుకు చేయిస్తాను? వదిలేయండి" అన్నాడు. తానులు తనే మోసి లోపల పెట్టి వచ్చాడు. గౌరీశంకర్ వెళ్ళబోతుంటే వెనక నుంచి పిలిచాడు.

"ఒక్కమాట. ఈ పబ్ పెట్టకముందు నేను హైస్కూల్లో ఇరవయ్యేళ్ళు నాటకాలు నేర్పాను. ఇక్కడికి దగ్గరే. ఇప్పటికీ ఏటా పిల్లలు నాటకం వేస్తారు, తల్లులొచ్చి బట్టలు కుడతారు. కానీ వాళ్ళలో కటింగ్ తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. అది వ్యాపారం కాదు కదా. అక్కడికి రావచ్చా ఆవిడ?"

గౌరీశంకర్‌కి లాయర్ గొంతు స్పష్టంగా వినిపించింది. దానితో పాటే, తెలియని పిల్లలూ తల్లులూ కలిసి ఆ అయిదక్షరాలూ పిలవడం వినిపించింది.

"అదీ కుదరదట" అన్నాడు.

"అయ్యో" అన్నాడు వాల్టర్. నిజంగానే బాధపడ్డాడు. "ఆవిడ లాంటి పనివాళ్ళని నేను చాలా తక్కువ మందిని చూశాను. మీకు తెలిసే ఉంటుందిలెండి."

తెలుసన్నట్టు తలూపి బయటికొచ్చాడు.

ఇంట్లో బల్ల మళ్ళీ బల్లయింది. కుట్టుమిషను క్లోజెట్‌లోకి వెళ్ళింది. కార్పెట్‌లో గుచ్చుకున్న సూదుల్ని బిందుమాధవి అయస్కాంతంతో ఏరి డబ్బాలో వేసింది. గొడవ పడలేదు. పొద్దున్నే పెసరట్లు వేసింది, అల్లప్పచ్చడి నూరింది, అతని చొక్కాలు ఇస్త్రీ చేసింది. అడిగినదానికి జవాబు చెప్పింది. గురువారం ఆఫీసు నుంచి వచ్చి, తనే కబురు కలుపుదామని, "ఇవాళ శేషగిరిని తీసేశారు తెలుసా?" అన్నాడు. శేషగిరి అతని పక్క సీట్లో కూర్చునే రాజమండ్రి మనిషి. "పాపం" అందామె. ఆ తర్వాత ఏదైనా అడుగుతుందని చూశాడు. టీవీలో వాతావరణం చెబుతున్నారు. ఆమె అది చూస్తోంది.

శుక్రవారం సాయంత్రం నోరీన్ పళ్ళెంలో ఆపిల్ పై అనే తీపి వంటకం పట్టుకుని తలుపు కొట్టింది. కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మంలోనే పళ్ళెం అందించి బిందుమాధవి చెయ్యి పట్టుకుంది.

"వాల్టర్ చెప్పాడు. హోటల్‌కి కుదరదంటే సరే అనుకున్నాను. స్కూల్లో పిల్లల నాటకానికి కూడా వద్దన్నారటగా లాయరు? నాకు అదే అర్థం కాలేదు. మా చర్చికి ఒక బ్రెజిల్ అమ్మాయి వస్తుంది. భర్తది మీవారి వీసాయే. రెండేళ్ళుగా స్కూల్లో పిల్లలకి కథలు చదివి వినిపిస్తోంది. వాళ్ళ లాయరు పరవాలేదన్నాడట. మీవాళ్ళు వేరేగా ఎందుకు చెప్పారో!"

బిందుమాధవి పళ్ళేన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. సోఫాలో ఉన్న గౌరీశంకర్ చేతిలో రిమోట్ ఉంది. దాని మీద మీటలన్నీ ఒకేలా కనిపించాయి.

"మావారు జాగ్రత్త మనిషి" అంది ఆమె నోరీన్‌తో, ఇంగ్లీషులో. "నా గురించి భయపడతారు. మళ్ళీ అడుగుతాంలెండి."

తలుపు వేసింది. పళ్ళెం వంటింట్లో పెట్టి, చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చి, అతనికెదురుగా బల్ల దగ్గరి కుర్చీలో కూర్చుంది.

"స్కూల్ సంగతి నాకు చెప్పనేలేదు మీరు."

"అది..."

"లాయరు ఏమన్నాడు? అన్నదన్నట్టు చెప్పండి."

చెప్పాడు. మొదటి ముక్కా చెప్పాడు, ఆఖరి ముక్కా చెప్పాడు. చెప్తున్నంతసేపూ ఆమె కళ్ళు అతని మొహం మీదే ఉన్నాయి, ఆ రోజు కుట్టు మీద ఉన్నట్టు.

"ఏమండీ, మీకు కుళ్ళా?"

కాదనడానికి నోరు తెరిచాడు. "అవును" అని వచ్చింది.

"ఆయన మీదా? ఆ గడ్డం ఆయన మీద?"

"అలాగే అనుకున్నాను." రిమోట్ పక్కన పెట్టాడు. "కాదు. నీ మీదే."

ఆమె నవ్వుతుందేమో, లేదా ఏడుస్తుందేమో అనుకున్నాడు. రెండూ చెయ్యలేదు. గోరుతో బల్ల మీద చిన్న దారప్పోగు ఒకటి తీసి, వేలికి చుట్టుకుంది.

"మీకు వారం అయింది. నాకు నాలుగేళ్ళు" అంది.

"ఏంటి?"

"కుళ్ళు. రోజూ పొద్దున్న మీరు బాక్సు పట్టుకుని వెళ్ళాక తలుపు గడియ పెట్టి, దాని వెనకే కాసేపు నిలబడేదాన్ని. ఈయనకి ఎవరో పని చెప్తారు, తప్పు చేస్తే ఎవరో తిడతారు, సాయంత్రానికి అలిసిపోతారు అనుకునేదాన్ని. మీరొచ్చి మీ మేనేజర్ని తిట్టుకుంటుంటే నాకు ఎంత మంటగా ఉండేదో! తిట్టుకోడానికైనా నాకెవరున్నారు? అయినా బాక్సులో కూర మాడ్చి పెట్టలేదు నేను. మీ సాక్సులు దాచిపెట్టలేదు."

నాలుగేళ్ళలో ఆ తలుపు అవతలి వైపు ఎవరైనా నిలబడి ఉంటారని అతనికెప్పుడూ తట్టలేదు.

"చెప్పొచ్చుగా నాతో" అన్నాడు.

"మీరు చెప్పారా?" అని చెయ్యి చాపింది. "ఫోనిలా ఇవ్వండి."

వాల్టర్ నంబరు కలిపి ఇచ్చాడు. ఆమె లేచి నిలబడి మాట్లాడింది. "మిస్టర్ వాల్టర్, బిందుమాధవిని. స్కూల్ విషయం మావారు పొరపాటు పడ్డారు. నేను వస్తాను." పొరపాటు అన్న మాట దగ్గర ఆమె గొంతు ఆగలేదు, మారలేదు. అతనికి మాత్రం చెంప మీద కొట్టినట్టు తగిలింది. అబద్ధమాడాడని చెప్పి ఉండొచ్చని, ఆమె చెప్పలేదని తెలిసి తల వంచుకున్నాడు.

"సోమవారం మూడింటికి రమ్మన్నారు" అంది ఫోనిచ్చేస్తూ.

"పర్మిషన్ పెట్టి వస్తాను. దింపుతాను."

"వద్దు. నడిచే వెళ్తాను. దారి చూసుకుంటాను నేనే."

సోమవారం అతనొచ్చేసరికి ఇల్లు ఖాళీగా ఉంది. తాళం తనే తీసుకోవాల్సి వచ్చింది. లైటు వేసి, ఏం చేయాలో తెలియక ఫ్రిజ్ తెరిచి మూశాడు. గిన్నెలో బియ్యం కడిగి కుక్కర్‌లో పెట్టాడు. నీళ్ళు ఎన్ని పోయాలో తెలియక వేలు ముంచి చూశాడు. మధ్యలో రెండుసార్లు వరండాలోకి వెళ్ళి మెట్ల వైపు తొంగి చూశాడు. ఎవరు ఏం మాట్లాడించారో, ఎవరు మెచ్చుకున్నారో! ఆ మంట మళ్ళీ లేచింది. పోయిందనుకున్నాడు, పోలేదు.

చీకటి పడుతుండగా ఆమె వచ్చింది. చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది. జడలో దారప్పోగులున్నాయి, చేతి మీద సుద్ద గీత ఉంది. "ముప్ఫై మంది పిల్లలండీ! కొలతలు తీసుకోవడం ఒక్కరికీ రాదు. ఒకావిడ నడుముకి టేపు చుట్టి మెడ కొలత రాసింది. నేనేమో..." అంటూ వంటింట్లోకి వచ్చి కుక్కర్ చూసి ఆగింది. "మీరు పెట్టారా? మెత్తబడిందేమో."

"మెత్తబడింది. కూర్చో."

కంచంలో వడ్డించాడు. మధ్యాహ్నం పప్పు వేడి చేసి, ఆవకాయ వేసి, నెయ్యి ఆమె దగ్గరికి జరిపాడు. ఆమె కలుపుకుని ఒక ముద్ద తింది. అలవాటు కొద్దీ తన మాటలు ఆపి, ఇక అతని ఆఫీసు కబుర్లు వినడానికి తలెత్తింది.

అతను ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. లోపల మంట అలాగే ఉంది.

"మెడ కొలత రాసింది. తర్వాత?" అన్నాడు.